నిద్రలేమికి స్వీయ హిప్నాసిస్

 ఈనాటి ప్రసంగ విషయం నిద్ర. నిద్ర పట్టక ఇబ్బంది పడేవారికి హిప్నాసిస్ అనే మానసిక పద్ధతి ఏ మేరకు ఉపయోగపడుతుంది, దానిని ఇంట్లో ఎవరికి వారు ఎలా సాధన చేయవచ్చు, ఎక్కడ ఆగి వైద్యుణ్ణి చూడాలి అన్న మూడు అంశాలను ఈ ప్రసంగం వివరిస్తుంది. శ్రోతలు చివరి వరకు గుర్తుంచుకోవలసిన మాట ఒక్కటే. నిద్రను బలవంతంగా రప్పించడం ఎవరి వల్లా కాదు, కానీ నిద్ర తనంతట తాను రావడానికి తగిన స్థితిని శరీరానికి, మనసుకు నేర్పవచ్చు. ఆ నేర్పే పద్ధతుల్లో హిప్నాసిస్ ఒకటి.

తూర్పు హైదరాబాదులోని ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో ఈ విషయానికి ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. నాచారం, ఉప్పల్, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లోని కర్మాగారాల్లో రాత్రి డ్యూటీ చేసి తెల్లవారాక ఇల్లు చేరే కార్మికులు ఉన్నారు. ఉప్పల్ చుట్టుపక్కల ఐటీ కార్యాలయాల్లో విదేశీ వేళలను అనుసరించి రాత్రంతా మేలుకొని పనిచేసే యువతీయువకులు ఉన్నారు. వరంగల్ వైపు వెళ్లే జాతీయ రహదారి పక్కన నివసిస్తూ, ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఏళ్ల తరబడి సాగుతున్న ఫ్లైఓవర్ పనుల మధ్య, లారీల హారన్ల మధ్య నిద్రపోవలసిన కుటుంబాలు ఉన్నాయి. ఉప్పల్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియంలో రాత్రి మ్యాచ్ జరిగిన రోజున, చుట్టుపక్కల వీధులు సద్దుమణిగేసరికి అర్ధరాత్రి అవుతుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి పది గంటల నుంచి ఉదయం ఆరు గంటల వరకు నివాస ప్రాంతాల్లో ధ్వని 45 డెసిబెల్స్ దాటకూడదు. పారిశ్రామిక ప్రాంతాలకు ఆ పరిమితి 70 డెసిబెల్స్. కర్మాగారం గోడకు ఆనుకునే ఇళ్లు వెలసిన నాచారం వంటి చోట ఈ రెండు పరిమితులకు మధ్య ఉన్న దూరం, ఒక్కోసారి ఒక వీధి వెడల్పు మాత్రమే.

ముందుగా నిద్ర ఎలా వస్తుందో క్లుప్తంగా తెలుసుకోవడం అవసరం. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం నిద్రను రెండు శక్తులు నడిపిస్తాయి. మొదటిది నిద్ర ఒత్తిడి. అంటే మేలుకొని ఉన్న ప్రతి గంటకూ శరీరంలో క్రమంగా పెరిగే నిద్ర అవసరం. రెండవది జీవగడియారం, అంటే సూర్యుడి వెలుగును ఆధారం చేసుకొని, ఇది పగలు, ఇది రాత్రి అని శరీరానికి తెలియజేసే అంతర్గత కాలచక్రం. ఈ రెండూ ఒకే వేళకు కలిసినప్పుడు నిద్ర సులభంగా పడుతుంది. పట్టిన నిద్ర సుమారు తొంభై నిమిషాలకు ఒక ఆవృత్తిగా సాగుతుంది. అందులో తేలిక నిద్ర, గాఢనిద్ర, కలల నిద్ర వరుసగా వస్తాయి. గాఢనిద్రలో మెదడు తరంగాలు పెద్దవిగా, నెమ్మదిగా మారతాయి. శరీరం అలసట తీర్చుకునేది ప్రధానంగా ఆ దశలోనే.

నిద్రలేమి అంటే ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టకపోవడం కాదు. పడుకోవడానికి తగిన సమయం, చోటు ఉన్నా, వారానికి కనీసం మూడు రాత్రులు, కనీసం మూడు నెలలపాటు నిద్ర పట్టకపోవడం, లేదా మధ్యలో మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడం, దాని మూలంగా పగటి పని దెబ్బతినడం, ఈ లక్షణాలన్నీ కలిసినప్పుడు వైద్యులు దానిని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. అమెరికన్ మనస్తత్వవేత్త ఆర్థర్ స్పీల్‌మన్ 1980లలో దీని పుట్టుకను మూడు రకాల కారణాలతో వివరించాడు. కొందరికి స్వభావరీత్యా తొందరగా కలత చెందే మనసు ఉంటుంది. దాని మీద ఉద్యోగం పోవడమో, ఇంట్లో జబ్బో, కూతురి పెళ్లి అప్పో వచ్చి పడి నిద్రను చెదరగొడుతుంది. ఆ కష్టం తీరిపోయిన తర్వాత కూడా నిద్రలేమి మిగిలిపోవడానికి మూడవ రకం కారణాలు ఉన్నాయి. అవి నిద్ర పట్టని మనిషి నిద్ర కోసం చేసే ప్రయత్నాలే. ఎనిమిదింటికే మంచం ఎక్కడం, అరగంటకోసారి ఫోన్‌లో టైం చూసుకోవడం, ఇంకా పట్టలేదే అని లెక్కలు వేయడం, పగలు ఆ లోటు తీర్చుకోవాలని మూడు గంటలు పడుకోవడం ఈ కోవలోకి వస్తాయి.

ఈ మూడవ కారణమే ఈనాటి ప్రసంగానికి కేంద్రం. దానిని ప్రతి తెలుగింట్లో రాత్రిపూట జరిగే ఒక చిన్న పనితో పోల్చి చూడవచ్చు. పాలు తోడు పెట్టే ఇల్లాలు పెరుగును తయారు చేయదు, పెరుగు కావడానికి తగిన ఏర్పాటు మాత్రమే చేస్తుంది. పాలు కాచి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, చెంచాడు తోడు వేసి, మూత పెట్టి, కదలని చోట ఉంచి, తన పని తాను చూసుకుంటుంది. పాలు మరీ వేడిగా ఉన్నప్పుడు తోడు వేసినా పెరుగు కాదు, మరీ చల్లారాక వేసినా కాదు. అన్నీ సరిగా కుదిరినా, గంటకోసారి మూత తీసి గరిటెతో కదిపి చూసే ఇంట్లో పెరుగు గట్టిగా తోడుకోదు. నిద్ర విషయంలోనూ జరిగేది ఇదే. మరిగే ఆలోచనలతో పక్క మీదికి చేరిన మనసు ముందు గోరువెచ్చని స్థితికి రావాలి. అప్పుడు వేసే చిన్న తోడు హిప్నాసిస్‌లో ఇచ్చే సూచన. గడియారం చూసుకోవడం, నిద్ర వచ్చిందా రాలేదా అని పరీక్షించుకోవడం మూత తీసి కదపడంతో సమానం.

ఇప్పుడు హిప్నాసిస్ అంటే ఏమిటో చూద్దాం. బయటి విషయాల మీద ధ్యాస తగ్గి, ఒకే భావం మీద లేదా ఒకే అనుభూతి మీద మనసు లగ్నమై, ఆ స్థితిలో ఇచ్చిన మాటకు శరీరం, మనసు మామూలుకంటే సులువుగా స్పందించడాన్ని మనస్తత్వశాస్త్రంలో హిప్నాసిస్ అంటారు. ఆ మాటనే సూచన అంటారు. ఒక మనిషి తనకు తానే ఆ స్థితిని కల్పించుకొని, తనకు తానే సూచన ఇచ్చుకోవడం స్వీయ హిప్నాసిస్. కథ వింటున్న పిల్లవాడికి పక్కన అమ్మ పిలిచినా వినపడకపోవడం, సినిమాలో ఏడుపు దృశ్యం రాగానే అది కల్పన అని తెలిసినా కళ్లు చెమ్మగిల్లడం అందరికీ అనుభవమే. ఈ సహజమైన లీనతను ఒక ప్రయోజనం కోసం క్రమపద్ధతిలో వాడుకోవడమే హిప్నాసిస్.

తెలుగునాట హిప్నాటిజం అనగానే చాలామందికి వేదిక మీది ప్రదర్శనలు గుర్తుకొస్తాయి. 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరాం ఇంద్రజాలికుడిగా ప్రసిద్ధుడై, తర్వాత హిప్నాసిస్ వైపు, మానసిక శాస్త్రం వైపు, వ్యక్తిత్వ వికాస బోధన వైపు వచ్చి, హైదరాబాదు కేంద్రంగా దశాబ్దాలపాటు పనిచేశాడు. తెలుగు పాఠకులకు, టీవీ ప్రేక్షకులకు ఈ విషయాన్ని పరిచయం చేసినవారిలో ఆయనది ముందువరుస. ఇంద్రజాలం నుంచి ఆయన మానసిక శాస్త్రం దాకా నడిచిన దారిలోనే హిప్నాసిస్ చరిత్ర కూడా నడిచింది. పద్దెనిమిదవ శతాబ్దంలో ఫ్రాంజ్ మెస్మర్ అనే వైద్యుడు తన చేతుల నుంచి ఒక అయస్కాంత శక్తి రోగిలోకి ప్రవహిస్తుందని నమ్మాడు. 1784లో ఫ్రాన్సు రాజు నియమించిన సంఘం, బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోసియే వంటి శాస్త్రజ్ఞులతో పరీక్షలు జరిపి, అటువంటి శక్తి ఏదీ లేదని, కనిపించిన ఫలితాలకు రోగి ఊహాశక్తే కారణమని తేల్చింది. 1840లలో మాంచెస్టర్ నగర శస్త్రవైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ మెస్మర్ పద్ధతిలో కలిగే స్థితిని మొదట ఒక రకమైన నిద్రగా భావించినా, కొద్ది ఏళ్లలోనే అది నిద్ర కాదని, ఒకే భావం మీద నిలిచిన ఏకాగ్రత అని గ్రహించాడు.

భారతదేశంలోనూ దీనికి పాత చరిత్ర ఉంది. 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే శస్త్రవైద్యుడు, మత్తుమందులు ఇంకా రాని రోజుల్లో, మెస్మర్ పద్ధతితో రోగులకు నొప్పి తెలియకుండా పెద్ద శస్త్రచికిత్సలు చేశాడు. ఆ తర్వాత ఈథర్, క్లోరోఫాం రావడంతో ఆ పద్ధతి వెనుకబడింది. ఆ క్లోరోఫాం సురక్షితమో కాదో తేల్చడానికి 1888, 1889 సంవత్సరాల్లో నిజాం ప్రభుత్వ సహాయంతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పరిశోధనలు జరిపించింది హైదరాబాదులోనే. క్లోరోఫాంకూ హిప్నాసిస్‌కూ ఉన్న తేడా శ్రోతలు గమనించదగినది. క్లోరోఫాం రోగి అంగీకారంతో పనిలేకుండా స్పృహ పోగొడుతుంది. హిప్నాసిస్‌లో స్పృహ పోదు, రహస్యాలు వాటంతట అవి బయటపడవు, ఇష్టంలేని పనిని ఎవరూ చేయించలేరు, కళ్లు తెరవాలనుకుంటే తెరవవచ్చు. మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్షలో కూడా హిప్నాసిస్‌లో ఉన్న మనిషి నిద్రలో లేడని, మేలుకొనే ఉన్నాడని తెలుస్తుంది. కాబట్టి హిప్నాసిస్ నిద్ర కాదు. నిద్రకు ముందు ఉండవలసిన నెమ్మదికి అది ఒక దారి.

ఆ దారి నిజంగా నిద్రకు చేరుస్తుందా అన్న ప్రశ్నకు శాస్త్రం నిదానమైన జవాబే ఇస్తుంది. జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో మారెన్ కోర్డి, ఏంజెలికా ష్లార్బ్, బ్యోర్న్ రాష్ అనే పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న డెబ్బైమంది యువతులతో చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. మధ్యాహ్నం తొంభై నిమిషాలు పడుకునే ముందు వారికి ఒక రికార్డింగు వినిపించారు. అందులో సముద్రంలో లోలోపలికి ఈదుతూ వెళ్లే చేప ఊహాచిత్రంతో, నిద్ర లోతుగా సాగాలన్న సూచన ఉంది. సూచనలకు బాగా స్పందించే స్వభావం ఉన్న యువతుల్లో, మామూలు ప్రసంగం విన్న రోజుతో పోలిస్తే, గాఢనిద్ర సుమారు 80 శాతం పెరిగింది. ఆ స్వభావం తక్కువగా ఉన్నవారిలో అటువంటి మేలు కనిపించలేదు. 2018లో వెలువడిన మరో సమీక్ష, నిద్ర మీద హిప్నాసిస్ ప్రభావాన్ని కొలిచిన 24 అధ్యయనాలను పరిశీలించగా, వాటిలో 14 మేలు చేసిందని, 3 మిశ్రమ ఫలితాలు వచ్చాయని, 7 మేలు కనిపించలేదని చెప్పాయి. వాటిలో చాలా అధ్యయనాలు చిన్నవి. వాటిలో పాల్గొన్నవారందరూ నిద్రలేమి రోగులూ కారు.

దీనినుంచి శ్రోతలు తీసుకోవలసిన సారాంశం ఇది. హిప్నాసిస్ చాలామందికి కొంత ఉపయోగపడుతుంది, కొందరికి బాగా ఉపయోగపడుతుంది, కొందరికి పనిచేయదు. పనిచేయకపోతే అది మనిషి లోపం కాదు. ఎత్తు, కంఠస్వరం మాదిరిగానే సూచనకు స్పందించే గుణం కూడా మనిషికీ మనిషికీ మారుతుంది. దీర్ఘకాలిక నిద్రలేమికి మొదటి చికిత్సగా అమెరికన్ వైద్యుల సంఘం 2016లో సిఫారసు చేసింది, నిద్రకు సంబంధించిన తప్పుడు అలవాట్లను, భయాలను సరిదిద్దే మానసిక శిక్షణను. దానిని సీబీటీ అంటారు. హిప్నాసిస్ ఆ శిక్షణకు తోడుగా ఉండదగినదే తప్ప, దానికి బదులు కాదు.

ఇక సాధన విషయానికి వద్దాం. దీనిని మొదట రాత్రిపూట కాకుండా, పగలు లేదా సాయంత్రం, కుర్చీలో కూర్చొని నేర్చుకోవడం మంచిది. ఎందుకంటే రాత్రి పక్క మీద మొదలుపెడితే, నిద్ర వస్తుందా రాదా అన్న పరీక్ష మొదటి రోజు నుంచే మొదలవుతుంది. ఒకటి రెండు వారాలపాటు రోజూ పదిహేను నిమిషాలు పగలు సాధన చేసి, ఒళ్లు వదులు కావడం అలవాటయ్యాక, దానిని పడకగదిలోకి తీసుకువెళ్లాలి. పగటి సాధన ముగిసినప్పుడు ఒకటి నుంచి ఐదు వరకు లెక్కపెడుతూ కళ్లు తెరిచి, చేతులు కాళ్లు కదిలించి, మంచినీళ్లు తాగి, పూర్తిగా తేరుకున్న తర్వాతే బండి నడపాలి.

సాధనలో మొదటి మెట్టు చూపు నిలపడం. పగలైతే కుర్చీలో వెనక్కి ఆనుకొని, రాత్రయితే వెల్లకిలా పడుకొని, తల కదపకుండా, కళ్లకు కొంచెం పైన ఉండే ఒక బిందువును, ఉదాహరణకు గోడ, పైకప్పు కలిసే అంచును చూస్తూ ఉండాలి. కనురెప్పలు బరువెక్కినప్పుడు వాటిని బలవంతంగా తెరిచి ఉంచకుండా, మూసుకోనివ్వాలి. రెండవ మెట్టు శ్వాస. గాలి లోపలికి తీసుకునే సమయం కంటే వదిలే సమయం కొంచెం ఎక్కువగా ఉండేలా, తొందర లేకుండా ఊపిరి వదలాలి. మూడవ మెట్టు ఒళ్లు వదులు చేయడం. నుదురు, దవడ, మెడ, భుజాలు, చేతులు, నడుము, తొడలు, పాదాలు అన్న క్రమంలో ఒక్కో భాగం మీద ధ్యాస ఉంచి, అది బరువుగా, వెచ్చగా మారుతున్నట్టు ఊహించాలి. బరువు, వెచ్చదనం అనే ఈ రెండు అనుభూతులనే ఆధారంగా చేసుకొని జర్మన్ వైద్యుడు యోహానెస్ షుల్ట్స్ రూపొందించిన ఒక స్వీయ విశ్రాంతి పద్ధతి 1932లో ప్రచురితమైంది. బీహార్‌లోని ముంగేర్‌లో స్వామి సత్యానంద సరస్వతి ప్రచారం చేసిన యోగనిద్రలో కూడా ధ్యాసను ఇలాగే ఒక్కో అవయవం మీదుగా నడిపిస్తారు కాబట్టి, యోగనిద్ర అలవాటున్నవారికి ఈ మెట్టు కొత్తగా అనిపించదు.

నాలుగవ మెట్టు లోతుకు దిగడం. కళ్లు మూసుకొని, ఒక పాత గుడి కోనేటి గట్టు మీద నిలుచున్నట్టు ఊహించి, వదిలే ప్రతి ఊపిరికీ ఒక్కో మెట్టు దిగుతూ, ఇరవై నుంచి ఒకటి వరకు వెనక్కి లెక్కపెట్టాలి. కాలికి తగిలే రాతి చల్లదనం, నీటి వాసన, నీడ, ఇలా ఎన్ని ఇంద్రియాలతో ఊహిస్తే అంత మంచిది. నీళ్లంటే భయం ఉన్నవారు కోనేటికి బదులు పొలం గట్టునో, అమ్మమ్మ ఇంటి వసారానో ఎంచుకోవచ్చు. మధ్యలో లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు. లెక్క తప్పడం మనసు పట్టు సడలుతోందనడానికి గుర్తు.

ఐదవ మెట్టు సూచన. ఇది చాలా ముఖ్యమైన మెట్టు, చాలామంది పొరపాటు చేసేదీ ఇక్కడే. నిద్రపోవాలి, నిద్రపోవాలి అని ఆజ్ఞాపించుకుంటే మనసు మళ్లీ పరీక్షకు దిగుతుంది. రాత్రి మెలకువ రాకూడదు అనుకుంటే మెలకువ గురించే ఆలోచన సాగుతుంది. సూచన వర్తమానంలో, నెమ్మదిగా, జరుగుతున్నదాన్ని చెబుతున్నట్టు ఉండాలి. ఒళ్లు బరువెక్కుతోంది. ఊపిరి తనంతట తాను నెమ్మదిస్తోంది. ఈ విశ్రాంతి చాలు, నిద్ర దాని వేళకు అది వస్తుంది. ఇటువంటి రెండు మూడు మాటలను, ఊపిరితో పాటు, మనసులోనే పదే పదే అనుకోవాలి. నిద్ర దాని వేళకు అది వస్తుంది అన్న మాటలో ఆజ్ఞ లేదు, గడువు లేదు. అందుకే అది పనిచేస్తుంది.

ఆరవ మెట్టు సంకేతం. సూచన ఇచ్చుకుంటున్న సమయంలో బొటనవేలు, చూపుడువేలు మెల్లగా కలిపి ఉంచితే, కొన్ని వారాల్లో ఆ స్పర్శకూ ఆ నెమ్మదికీ సంబంధం ఏర్పడుతుంది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చినప్పుడు, లైటు వేయకుండా, ఫోన్ తాకకుండా, ఆ రెండు వేళ్లు కలిపి, పది మెట్లు దిగితే చాలు. అప్పటికీ నిద్ర పట్టక చిరాకు పెరుగుతుంటే, పక్క మీద దొర్లకుండా లేచి, మసక వెలుతురులో వేరే చోట కాసేపు కూర్చొని, కళ్లు మూతలు పడుతున్నప్పుడే తిరిగి పడుకోవాలి. ఒకే గది ఉన్న అద్దె ఇళ్లలో వేరే గది ఉండదు కాబట్టి, గదిలోనే మరో మూల చాప వేసుకొని కూర్చున్నా ఫరవాలేదు. పక్క మీద అవస్థ పడకపోవడమే ఇక్కడ ముఖ్యం.

ఈ మాటలన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టమనుకునేవారు, తమ గొంతుతోనో, ఇంట్లో ఇష్టమైన మనిషి గొంతుతోనో పదిహేను నిమిషాల రికార్డింగు ఫోన్‌లో చేసి పెట్టుకొని, తెర బోర్లించి, తక్కువ శబ్దంతో వినవచ్చు. మధ్యలో ప్రకటనలు వచ్చే యూట్యూబ్ వీడియోల కంటే ఇది మేలు. పసిబిడ్డను ఒళ్లో వేసుకొని తల్లి జోకొడుతూ పాడే జోలపాటలో కూడా ఉండేది ఇదే. తెలిసిన గొంతు, ఒకే లయ, మళ్లీ మళ్లీ వచ్చే అవే మాటలు, తొందర లేని చేయి.

ఈ పద్ధతిని నిత్యజీవితంలో ఎలా అమర్చుకోవాలో రెండు సందర్భాల్లో చూడవచ్చు. నాచారంలో రాత్రి డ్యూటీ ముగించుకొని ఉదయం ఏడింటికి ఇల్లు చేరే కార్మికుడి జీవగడియారం ఆ వేళకు పగలు అనే చెబుతుంది. అందువల్ల ఇంటికి వచ్చే దారిలో ఎండ కళ్లలో పడకుండా నల్లద్దాలు పెట్టుకోవడం, కిటికీకి మందపాటి దుప్పటి కట్టడం, డ్యూటీ చివరి గంటల్లో టీ మానుకోవడం అతనికి ముందుగా కావాలి. టీ, కాఫీల్లోని కెఫీన్ ఒంట్లో సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఆ ఏర్పాటు జరిగాక, బయటి వీధి శబ్దాలతో పోరాడకుండా వాటినే సూచనలో కలుపుకోవచ్చు. ఫ్యాను చప్పుడు వినిపించే కొద్దీ ఒళ్లు ఇంకా వదులవుతోంది, దూరంగా బండి వెళ్లిన ప్రతిసారీ ఒక మెట్టు దిగుతున్నాను అనుకోవడం అతనికి పనికొస్తుంది. అయితే చట్టం నిర్దేశించిన పరిమితిని దాటే శబ్దాన్ని ఓర్చుకోవడానికి హిప్నాసిస్ సాధనం కాకూడదు. రాత్రి పది తర్వాత మోగే డీజే మీద ఫిర్యాదు చేయడం పౌరుడి హక్కు. నిద్ర ఒక్క మనిషి సాధనతోనే కాదు, వీధి మర్యాదతోనూ నిలుస్తుంది.

ఇక ఇంటర్ పరీక్షలు రాసే బిడ్డ ఉన్న ఇంట్లో, స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ ముగిసే పదకొండున్నర వరకు టీవీ నడిస్తే, ఆ వెలుగు, ఆ ఉద్రేకం మెదడును మేలుకొలిపే ఉంచుతాయి. మ్యాచ్ చూడడం తప్పు కాదు. చూసిన వెంటనే పక్క ఎక్కి నిద్ర పట్టలేదని బాధపడడమే తప్పు. ఆ రోజున అరగంట దీపాలు తగ్గించి, ముఖం కడుక్కొని, మర్నాటి పనులు ఒక కాగితం మీద రాసిపెట్టి, ఆ తర్వాత సాధన మొదలుపెట్టాలి. తోడు వేసే ముందు పాలు చల్లారడానికి పట్టే సమయం అది.

ఇప్పుడు జాగ్రత్తల గురించి స్పష్టంగా చెప్పుకోవాలి. గట్టిగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేచేవారికి, పగలు కూర్చున్నచోటే నిద్ర ముంచుకొచ్చేవారికి స్లీప్ ఆప్నియా అనే జబ్బు ఉండవచ్చు. నిద్రలో గొంతులోని శ్వాస మార్గం మూసుకుపోయే ఆ జబ్బుకు హిప్నాసిస్ మందు కాదు, వైద్య పరీక్ష అవసరం. థైరాయిడ్, కీళ్లనొప్పులు, మధుమేహం వల్ల రాత్రి పదేపదే మూత్రానికి లేవవలసి రావడం వంటి శారీరక కారణాలను ముందుగా వైద్యులే చూడాలి. బీమా ఉన్న కార్మికులకు నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి అందుబాటులోనే ఉంది. మతిభ్రమ, లేని గొంతులు వినిపించడం వంటి తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారు, మూర్ఛ వ్యాధి ఉన్నవారు వైద్యుల సలహా లేకుండా హిప్నాసిస్ చేయకూడదు. తెల్లవారుజామున మెలకువ వచ్చి, బతుకు మీద ఆశ పోయినట్టు అనిపించేవారికి అది కుంగుబాటు లక్షణం కావచ్చు. అటువంటివారు, వారి కుటుంబసభ్యులు కేంద్ర ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.

నిద్రమాత్రలు వాడుతున్నవారు సాధన మొదలుపెట్టామని వాటిని ఒక్కసారిగా మానేయకూడదు. ఆల్ప్రజోలం వంటి మాత్రలను హఠాత్తుగా ఆపితే వణుకు, తీవ్రమైన ఆందోళన, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. తెలంగాణలో కల్తీ కల్లులో కలుపుతున్నది కూడా ఆల్ప్రజోలం వంటి మత్తుమందులనే. అందువల్ల రోజూ ఆ కల్లు తాగితేనే నిద్ర పట్టే స్థితికి చేరినవారు, దానిని మానేటప్పుడు తప్పనిసరిగా ఆసుపత్రి సహాయం తీసుకోవాలి. మాత్రను తగ్గించడం వైద్యుడి చేతిలో ఉండాలి, సాధన దానికి పక్కన సాగాలి.

హిప్నాసిస్‌ను చికిత్సగా తీసుకోదలచినవారు అది ఎవరి దగ్గర తీసుకుంటున్నారో చూసుకోవాలి. సరైన శిక్షణ పొందినవారే హిప్నోథెరపీ చేయాలని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2003లోనే స్పష్టం చేసింది. మానసిక వైద్యులు, లేదా రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టులు జబ్బును జబ్బుగా గుర్తించగలరు. ఒక్క సిట్టింగులో జీవితాంతం నిద్ర గ్యారంటీ అనేవారిని, గతజన్మ దోషం వల్ల నిద్ర పట్టడం లేదని భయపెట్టేవారిని, మాత్రలన్నీ ఇవాళే పారేయమనేవారిని నమ్మకూడదు. హిప్నాసిస్‌లో గుర్తుకొచ్చినట్టు అనిపించే పాత సంఘటనలన్నీ నిజం కానక్కరలేదని కూడా శాస్త్రం హెచ్చరిస్తోంది.

చివరగా ముఖ్యమైన మాటలను మరొకసారి గుర్తుచేసుకుందాం. నిద్రను బలవంతంగా రప్పించలేము. రావడానికి తగిన ఏర్పాటు చేయగలం. హిప్నాసిస్ నిద్ర కాదు, మత్తు కాదు, మహిమ కాదు. ఏకాగ్రతతో ఒళ్లూ మనసూ వదులు చేసుకొని, సున్నితమైన సూచన ఇచ్చుకునే సాధన. అది పగలు నేర్చుకొని రాత్రి వాడుకోవలసింది. అది కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ ఉపయోగపడుతుంది. గురక, కుంగుబాటు, మాత్రల అలవాటు ఉన్నప్పుడు వైద్యుడే ముందు, సాధన తర్వాత.

శ్రోతలు రేపటి నుంచి ఒక నెలపాటు, రోజుకు పదిహేను నిమిషాలు ఈ సాధనకు కేటాయించి చూడవలసిందిగా మనవి. ఖర్చు లేదు, పరికరం అక్కరలేదు. నెల తర్వాత కూడా వారానికి మూడు రాత్రులు నిద్ర పట్టకపోతే, దానిని వయసు మీదికో, తలరాత మీదికో నెట్టకుండా వైద్యుణ్ణి కలవాలి. ఇంట్లో రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకున్న మనిషి ఉంటే, ఆ గది తలుపు దగ్గర గొంతు తగ్గించడం ఆ ఇంటివారు చేయగల సాయం. నిద్ర తిండి వంటి అవసరం. రాత్రంతా పనిచేసి ఈ నగరాన్ని నడిపే ప్రతి కార్మికుడికీ అది దక్కాలి.